డ్రోన్ కెమెరా గాజు మార్చిన 18 రోజులు

ఫిబ్రవరి 3 సాయంత్రం డ్రోన్ దింపుతుంటే కంకర మీద ముక్కు ముందుకు వాలిపోయింది. డ్రోన్ డీజేఐ మినీ 2. రెక్కలు విరగలేదు, కెమెరాను కుదుపు లేకుండా నిలిపే గింబల్ బాగానే ఆడుతోంది, యాప్‌లో హెచ్చరికలేవీ లేవు. ఏమీ కాలేదనుకున్నాను. ఈ చిన్న డ్రోన్లలో కెమెరా నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. రెక్కల గాలికి లేచిన సన్నరాయి తగిలినా చాలు, వాలి పడక్కర్లేదు. కంకర మీదా ఇసుక మీదా దింపాల్సి వస్తే కింద ఒక చాపో అట్టముక్కో వేయాలని తెలిసి కూడా వేయలేదు.

మర్నాడు వీడియో చూస్తే సంగతి తెలిసింది: కెమెరా లెన్సుకు ముందుండే గాజు మీద గీత పడినట్టుంది. ఎండ వెనకనుంచి పడినంతసేపూ బొమ్మ శుభ్రంగా ఉంది. డ్రోన్ సూర్యుడి వైపు తిరగగానే బొమ్మ మధ్యలో పాలు ఒలికినట్టు తెల్లటి మసక. గీత గీతలా కనిపించదు, మసకలా కనిపిస్తుంది. చాలామంది దీన్ని చూసి సెన్సర్ పాడైందనో ఫోకస్ పోయిందనో అనుకుంటారు.

గీత ఎందుకు గీతలా కనబడదో తెలిస్తే తర్వాత చేయాల్సిన నిర్ణయాలు సులువవుతాయి. ఈ కెమెరాది స్థిర ఫోకస్, ఒక మీటరు నుంచి అనంతం వరకు. గాజు లెన్సుకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి దాని మీదున్నది ఎప్పటికీ ఫోకస్‌లోకి రాదు. అయితే ఇంకో లెక్క ఉంది. పెద్ద కెమెరా లెక్కలో 24 మి.మీ.కు సమానం అని రాసి ఉన్నా, 1/2.3 అంగుళాల సెన్సర్‌కు అసలు ఫోకల్ లెంగ్త్ (లెన్సు నాభ్యంతరం) నాలుగున్నర మి.మీ. లోపే. ఎపర్చరు ఎఫ్/2.8. ఫోకల్ లెంగ్త్‌ను ఆ 2.8తో భాగిస్తే కాంతి దూరే కంత వ్యాసం సుమారు ఒకటిన్నర మి.మీ. పెద్ద కెమెరా లెన్సు మీద ఒక మి.మీ. గీత పడితే ఎవరికీ తెలియదు. ఇక్కడ అదే గీత సరిగ్గా మధ్యలో పడితే కంతలో మూడింట రెండు వంతుల పొడవున అడ్డంగా ఉంటుంది. గాజు అంచున పడిన గీత బొమ్మలో ఒక మూలకే పరిమితం, దాన్ని వదిలేయొచ్చు. నాది మధ్యకు కొంచెం కుడిగా, రెండు మి.మీ. పొడవు.

ఫిబ్రవరి 4 మొత్తం పరీక్షలకే పోయింది. బ్యాటరీ తీసి, రబ్బరు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే తుడిచాను. ఊదకుండా తుడిస్తే గాజు మీదున్న రాతిపొడి ఇంకో నాలుగు గీతలు పెడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గుడ్డ మొన తడిపి, మధ్యనుంచి అంచుకు ఒక్కసారి లాగాలి. ఈ దశలోనే చాలామంది 'గీత' మాయమవుతుంది. చెట్టు జిగురు, ఆరిన నీటి మరక, రాయి వదిలిన తెల్లటి గీటు, ఇవన్నీ చూడటానికి గీతలాగే ఉంటాయి. నాది పోలేదు.

రెండో పరీక్ష గీత ఏ పొర మీద ఉందో తేల్చడానికి. చీకటి గదిలో ఫోన్ టార్చి గాజుకు దాదాపు సమాంతరంగా పట్టాను. గీత మెరిసింది, దాని నీడ కింద లెన్సు మీద కొంచెం పక్కగా పడింది. టార్చి కదిపితే నీడ కదిలింది, గీత కదల్లేదు. అంటే గీత పైగాజు మీదుంది, అసలు లెన్సు క్షేమం. గీతా నీడా అతుక్కుపోయి ఒకటిగా కనిపిస్తే మాత్రం లెన్సు మీదే పడిందేమోనని అనుమానించాలి. అప్పుడు గాజు మార్చి లాభం లేదు, కెమెరా మొత్తం మార్చాలి. లెన్సు ఒక్కదాన్నే తిప్పి తీసే ప్రయత్నం చేయకండి. ఫ్యాక్టరీలో ఫోకస్ సరిచేసి జిగురుతో బిగించిన గొట్టం అది. వెంట్రుకవాసి తిరిగినా దూరపు చెట్లు మసకబారతాయి.

మూడోది పంటిపుల్ల పరీక్ష. కొయ్య మొనను గీత మీదుగా బరువు పెట్టకుండా లాగాలి. మొన గాడిలో తట్టుకుంటే గాజు తెగింది, తట్టుకోకపోతే పైపూత మాత్రమే పోయింది. నాకు తట్టుకుంది. గోరు వాడొద్దు, గోటి కింద ఇసుక ఉండే అవకాశం ఎక్కువ.

చివరగా ఫొటోలు. మాన్యువల్‌లో ఐఎస్‌ఓ (కాంతికి స్పందించే స్థాయి) 100, ఒకే షట్టరు వేగం, కెమెరా ఏమీ దిద్దని రా ఫార్మాట్. సూర్యుడు ఫ్రేము బయట పక్కగా ఉండేలా నీడలో ఉన్న గోడను ఒకటి, సూర్యుడు కెమెరా వెనకనుండగా అదే గోడను ఒకటి. రెండింటిలో నల్లటి భాగం ఎంత బూడిదరంగుకు తిరిగిందో పోల్చాలి. ఈ రెండు ఫొటోలు దాచుకోండి, గాజు మార్చాక బాగుపడిందో లేదో చెప్పేవి ఇవే. కంటితో చూసిన జ్ఞాపకం పనికిరాదు.

టూత్‌పేస్టుతో రుద్దమని సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గాజు మీద ప్రతిబింబాలను ఆపే పూత ఉంటుంది, దాని మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు ప్రాంతం. పేస్టులోని పొడి ముందు తినేది దాన్నే. గీత అలాగే మిగిలి, చుట్టూ పూత పోయిన మచ్చ ఒకటి అదనంగా వస్తుంది. సీరియం ఆక్సైడ్‌తో గాజును నిజంగానే సానపట్టొచ్చు, పూత మాత్రం మిగలదు. మార్చడానికి వీలైన గాజు మీద అంత శ్రమ దండగ.

పని చేసేదల్లా ఒక పాత చిట్కా, అదీ తాత్కాలికంగా. గీత మసక తెచ్చేది కాంతిని అడ్డుకోవడం వల్ల కాదు, పక్కనుంచి వచ్చిన వెలుగును చెదరగొట్టడం వల్ల. సన్నమొన పర్మనెంట్ మార్కరు నల్ల సిరాను గీతలోకి ఎక్కించి, పైన మిగిలినదాన్ని ఆల్కహాల్ తగిలీ తగలని గుడ్డతో ఒక్కసారి తుడిస్తే, గాడిలో నలుపు నిలుస్తుంది. చెదరగొట్టే గీత కాంతిని మింగే గీత అవుతుంది. ఫిబ్రవరి 6న ఇది చేశాను. మసక సగానికి పైగా తగ్గింది. గాజు వచ్చేదాకా పనికొచ్చింది. గీత లోతు లేకపోతే సిరా నిలవదు.

మధ్యలో ఒక రిపేర్ సెంటర్‌ను అడిగాను. మూడు రోజులకు జవాబు వచ్చింది: గాజు ఒక్కటీ మార్చరట, గింబల్‌తో సహా కెమెరా మొత్తం మారుస్తారట, అది డ్రోన్ ధరలో మూడో వంతు, మూడు వారాల వరుస. మొదట కోపం వచ్చింది. తర్వాత సొంతంగా చేశాక అర్థమైంది, వాళ్ల మాటలోనూ న్యాయముంది. లోపల నలుసు పడకుండా మూస్తామని హామీ ఇవ్వడం కష్టం, దానికి పట్టే సమయానికి కూలి కట్టడం ఇంకా కష్టం.

ఆర్డరు పెట్టే ముందు మీ మోడల్ ఏదో చూసుకోండి. మావిక్ ఎయిర్ 2, ఎయిర్ 2ఎస్, మినీ 3 ప్రో లాంటివాటిలో ముందరి గాజు కొద్దిగా తిప్పితే ఊడి వస్తుంది. ఫిల్టరు మార్చినట్టే మార్చేయొచ్చు, అరనిమిషం పని. మినీ 2లో అలా కాదు, జిగురుతో అతికించి ఉంటుంది. ఈ వ్యాసమంతా అతికించిన గాజు గురించే.

ఫిబ్రవరి 8న రెండు గాజులు, కత్తిరించిన డబుల్ టేపు రెండు ముక్కలు ఆర్డరు పెట్టాను. రెండూ కలిపి డ్రోన్ ధరలో నూటికి మూడు వంతులు కూడా కాలేదు. పనిముట్లకు అంతకంటే ఎక్కువే అయింది. ఒక్క గాజే తెప్పించుకుంటే తొలిసారి తప్పు జరిగితే మళ్లీ అన్ని రోజులూ ఆగాలి. తప్పు జరుగుతుంది.

ఫిబ్రవరి 17న వచ్చాయి, తొమ్మిది రోజులు. గాజు చేతికి రాగానే చేయాల్సింది దీపం ప్రతిబింబం చూడటం. పూత ఉన్న గాజులో బల్బు మసగ్గా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది. పూత లేనిదైతే అద్దంలో చూసినట్టు తెల్లగా మెరుస్తుంది. రెండింట్లో ఒకటి పూత ఉన్నది, ఒకటి లేనిది వచ్చాయి! ఒకే కవరులో. పూత లేనిది పెడితే పగలు పెద్దగా తేడా తెలియదు, రాత్రి వీధిదీపాలకు ఎదురుగా ప్రతి దీపానికీ దెయ్యంలా ఇంకో దీపం కనబడుతుంది. కొన్నిచోట్ల గాజు పేరుతో ప్లాస్టిక్ కూడా అమ్ముతారు. పళ్లకు తగిలిస్తే తెలిసిపోతుంది: గాజు చల్లగా, గట్టిగా టక్కుమంటుంది.

ఫిబ్రవరి 18. బల్ల మీద పెట్టుకున్నవి: హెయిర్ డ్రయ్యర్, పలచటి ప్లాస్టిక్ బ్లేడు, సెల్లో టేపు, వంటింటి అల్యూమినియం రేకు, ఆల్కహాల్, దూది పుల్లలు, బ్లోయర్, ప్లాస్టిక్ ట్వీజర్, టీ-7000 జిగురు. ట్వీజర్ ప్లాస్టిక్‌దే కావాలి. గింబల్ మోటార్లలో అయస్కాంతాలుంటాయి. స్టీలు ట్వీజర్ దగ్గరికి వెళ్లగానే పక్కకు లాగుతుంది, సరిగ్గా లెన్సు తెరిచి ఉన్నప్పుడు చెయ్యి జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇనుప రజను కూడా ఆ మోటార్లకే పోయి అతుక్కుంటుంది.

బ్యాటరీ తీసేశాక డ్రోన్‌ను వెల్లకిలా కాకుండా, తోక కింద పెట్టి కెమెరా పైకి చూసేలా మడిచిన తువ్వాలులో ఒదిగించాను. కెమెరా వెనక స్పాంజి ముక్క. గింబల్ చేతిని పట్టుకోకూడదు, పట్టుకోవాల్సింది కెమెరా పెట్టెనే, రెండు వేళ్లతో. పక్కనున్న రిబ్బన్ కేబులు మడత పడితే ఇంత శ్రమా గాజు కోసం కాక కేబులు కోసం అవుతుంది. రేకులో గాజంత కంత చేసి మిగతాదంతా కప్పాను. వేడి గాజుకు చాలు, గింబల్‌ను ఆడించే రబ్బరు బుడిపెలకు అక్కర్లేదు.

గాజు మీద సెల్లో టేపు ముందే అతికించాలి. పగిలితే పెంకులు టేపుకే అంటుకుంటాయి, లెన్సు మీద పడవు.

డ్రయ్యర్ నాలుగు అంగుళాల దూరంలో, అరనిమిషం తిప్పుతూ వేడి చేసి, తాకి చూశాను. వేలు రెండు మూడు క్షణాలు ఆనించగలిగి ఆపైన తీసేయాల్సినంత వేడి చాలు, అంటే 60 డిగ్రీల చుట్టుపక్కల. మొదటిసారి కదల్లేదు. మళ్లీ అరనిమిషం. నాలుగోసారికి బ్లేడు మొన అంచు కిందకు దూరింది. ఇక్కడే ఆత్రం పడకూడదు. పైకి మీటితే గాజు పగులుతుంది. బ్లేడును అంచు వెంబడి పక్కకు జరుపుతూ జిగురును కోసుకుంటూ పోవాలి, లోపలికి ఒక మి.మీ. దాటి పోనీయకూడదు. చుట్టూ ఒక రౌండు పూర్తయ్యేసరికి టేపుతో పాటు గాజు లేచి వచ్చింది. మొత్తం పన్నెండు నిమిషాలు.

తర్వాతి రెండు గంటలూ దుమ్ముతోనే.

పాత జిగురు నల్లగా, సాగే దారంలా అంచున మిగిలింది. దాన్ని ట్వీజర్‌తో లాగి, మిగిలినది ఆల్కహాల్ పుల్లతో తుడిచాను. పుల్ల తడిసి ఉండాలి, కారకూడదు. కారితే ఆల్కహాల్ లెన్సు గొట్టంలోకి దిగి లోపలి అద్దాల మీద మరకై ఆరుతుంది, దాన్ని ఇక ఎవరూ తుడవలేరు. లెన్సు తెరిచి ఉండగా ఈ పని చేసేటప్పుడు కెమెరాను కొంచెం కిందకు వంచితే నలుసులు లోపలికి కాక బయటకు రాలతాయి.

కొత్త గాజుకు రెండు వైపులా పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. లోపలివైపు పొర తీయడం మరిచిపోయి అతికించేవాళ్లు ఉన్నారు. నేనూ దాదాపు ఆ పని చేశాను. పొరను చర్రున లాగితే గాజుకు స్థిరవిద్యుత్తు ఎక్కి, గదిలోని నూలంతా దానికే వచ్చి చేరుతుంది. మెల్లగా లాగి, ఓ నిమిషం ఆగి, రెండు వైపులా ఊది, అప్పుడు మూయాలి. డబ్బాలో వచ్చే పీడన గాలి వాడొద్దు, డబ్బా వంగితే చల్లటి ద్రవం చిమ్మి గాజు మీద మరక కడుతుంది. రబ్బరు బ్లోయరే మేలు.

దుమ్ము అణగడానికి స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరి పట్టి అక్కడ చేయమని ఒక చిట్కా ఉంది. ఫోన్ స్క్రీన్ కాగితాలు అతికించేవాళ్లు అలాగే చేస్తారు, వాళ్లకు చెల్లుతుంది. ఇక్కడ గాజుకూ లెన్సుకూ మధ్య గాలి బందీ అవుతుంది. ఆ గాలిలో తేమ ఉంటే, ఎగిరేటప్పుడు ముందరి గాజు గాలికి చల్లబడగానే లోపల ఆవిరి పడుతుంది. తుడిచే దారి ఉండదు. పొడిగా ఉన్న రోజు, ఫ్యాను ఆపిన గదిలో చేసుకోవడమే సరైనది.

ఇంత జాగ్రత్త పడ్డా, మూశాక టార్చి వేసి చూస్తే మధ్యలో ఒక నూలుపోగు! వంకర తిరిగి, రెండు మి.మీ. ఉంటుంది. దూది పుల్ల వదిలిన పోగు. జిగురు తీసే అంచుకే దూది, లెన్సు పక్కకు రానీయకూడదని అప్పుడు తెలిసింది. లెన్సుకు ఫోమ్ పుల్లలు గానీ కళ్లజోడు గుడ్డ గానీ వాడాలి. ఇక్కడ మళ్లీ ఆ ఒకటిన్నర మి.మీ. లెక్కే పనికొస్తుంది. పదో వంతు మి.మీ. నలుసు కంతలో నూటికి ఒక వంతు కూడా కమ్మదు, బొమ్మలో కనబడదు, దాని కోసం మళ్లీ విప్పడం పిచ్చితనం. రెండు మి.మీ. పోగు అలా కాదు, అది ఇంకో గీతతో సమానం. గాజు లోపలివైపు వేలిముద్ర అన్నిటికంటే చెడ్డది, కంత మొత్తాన్నీ కప్పేస్తుంది.

అప్పటికే టేపు పట్టేసింది. మళ్లీ వేడి చేసి తీశాను. ఈసారి గాజు పగలలేదు గానీ టేపు ముక్క చినిగింది. ఉన్న ఇంకో టేపు ముక్క వాడి మర్నాడు మళ్లీ మొదలుపెడదామని, లెన్సు మీద శుభ్రమైన మూత బోర్లించి ఆపేశాను. విసుగులో చేసిన పని ఇదొక్కటే తెలివైనది.

ఫిబ్రవరి 19. ఫోమ్ పుల్లలు తెచ్చుకున్నాక నలభై నిమిషాల్లో అయింది. టేపు మొదట కెమెరా వైపు అంటించి, ఊది, గాజును తలకిందులుగా పట్టుకుని ఊది, వెంటనే మూసి, అంచుల మీద అరనిమిషం వేలితో అదిమాను. క్లిప్పులు పెట్టకూడదు, ఆ బరువును గింబల్ చేతులు మోయలేవు. ఒక మూల టేపు పూర్తిగా అంటలేదు. అక్కడ సూదిమొనంత టీ-7000 పెట్టాను. ఇది నల్లది కాబట్టి అంచునుంచి వెలుగు దూరదు. అదే రకం బీ-7000 పారదర్శకం, వీలైతే నల్లదే తీసుకోండి. సూపర్ గ్లూ జోలికి మాత్రం వెళ్లొద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి గాజు లోపలివైపు తెల్లటి బూజులా పేరుకుంటుంది. ఇంత చేసి కొత్త గాజును మన చేత్తోనే మసకబార్చుకున్నట్టవుతుంది.

టీ-7000 పైకి కొద్ది నిమిషాల్లోనే ఆరినట్టు కనిపిస్తుంది. పూర్తిగా గట్టిపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందాకా బ్యాటరీ పెట్టలేదు. పెడితే మొదట జరిగేదే గింబల్ గబగబా అటూ ఇటూ తిరగడం, పచ్చిజిగురు మీద గాజు జరిగిపోతుంది.

ఫిబ్రవరి 20 రాత్రి, ముప్పై గంటలకు పైగా గడిచాక, సమతలమైన బల్ల మీద పెట్టి ఆన్ చేశాను. గింబల్ తిరిగి నిలిచింది, కానీ దిగంతం ఎడమకు కొంచెం వాలింది. గాజు బరువు తేడా కావచ్చు, పని చేసేటప్పుడు వేళ్లతో తిప్పడం కావచ్చు. యాప్‌లో గింబల్ కాలిబ్రేషన్ (గింబల్‌ను మళ్లీ సరిచేయడం) ఆటోలో నడిపాను. జరుగుతున్నంతసేపూ బల్లను కదపకూడదు. పూర్తయ్యాక సరిగ్గా నిలిచింది. సరికాకపోతే మాన్యువల్‌లో కొద్దికొద్దిగా దిద్దుకోవచ్చు. మోటారు మీద భారం ఎక్కువైందని హెచ్చరిక వస్తే ముందు రిబ్బన్ కేబులు ఎక్కడైనా నొక్కుకుందా, జిగురు బయటకు కారి కెమెరా పెట్టెను చేతికి అంటించిందా చూడాలి. మందమైన గాజు పెట్టినా, దాని మీద ఇంకో ఫిల్టరు తగిలించినా అదే హెచ్చరిక రావచ్చు.

ఫిబ్రవరి 21 ఉదయం అదే గోడ, అదే ఐఎస్‌ఓ, అదే షట్టరు. రెండు ఫొటోల్లో నల్లటి భాగం ఇప్పుడు దాదాపు ఒకేలా ఉంది. సూర్యుడి వైపు తిప్పితే ఒక చిన్న ఆకుపచ్చ చుక్క ఎదురుమూలలో కనిపిస్తోంది, పాత గాజులో ఇంత లేదు. పూత అంత మంచిది కాదన్నమాట. దూరపు చెట్ల ఆకులు నాలుగు మూలల్లోనూ పదునుగానే ఉన్నాయి. గాజులో అలలుంటే తేలేది అక్కడే, అందుకే మధ్యభాగం చూసి సంతృప్తి పడకుండా మూలలు పెద్దవి చేసి చూడాలి.

టార్చి వేస్తే ఎడమ అంచున ఒక నలుసు లోపలే ఉండిపోయింది. దాన్ని వదిలేశాను. పూత లేని రెండో గాజు పడేయలేదు. ఇంకోసారి టేపు ముక్క అవసరమైతే దాన్ని కొలతకు పెట్టి బ్లేడుతో కోసుకోవచ్చు.